ముద్రణా పరిశ్రమ: పనివాళ్ల తయారీ

అచ్చుపనిలో మూడు దశలున్నాయి. అక్షరాలు కూర్చి, బొమ్మలు సిద్ధం చేసి, ప్లేటు తయారుచేయడం మొదటిది. మెషిన్ మీద కాగితానికి సిరా ఎక్కించడం రెండోది. మడత, కుట్టు, అతుకు, కోత మూడోది. ఒక దశలో చెయ్యి తిరిగినవాడికి పక్క దశ పని అంతంతమాత్రంగానే తెలుస్తుంది. అయినా మొదటి దశలో దొర్లిన పొరపాటు మూడో దశకు వచ్చేసరికి వేల కాపీల నష్టంగా తేలుతుంది. అందుకే ఈ పరిశ్రమలో యంత్రం ధర ఎంత ముఖ్యమో, దాని పక్కన నిలబడే మనిషి నేర్చుకున్నది ఎంత అన్నదీ అంతే ముఖ్యం.

ఈ వృత్తిని చాలాకాలం ప్రెస్సులోనే నేర్చుకునేవారు. పాఠశాలలు వచ్చాక కూడా అసలు నేర్పు ప్రెస్సులోనే వస్తోంది. నేర్చుకునేవాడు పాడుచేసే కాగితం, నేర్పేవాడు పోగొట్టుకునే సమయం, ఈ రెండింటి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగాదా ఈ రంగంలో శిక్షణ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

పరంపర

ఐరోపాలో అచ్చు పుట్టినప్పటి నుంచీ శిష్యరికమే బడి. లండన్‌లో స్టేషనర్స్ కంపెనీకి 1557లో రాజశాసనం దక్కింది. ఆ సంఘం నియమాల కింద ఏడేళ్లకు తక్కువ కాకుండా శిష్యరికం చేసినవాడే స్వతంత్రంగా వృత్తిలో నిలబడగలిగేవాడు. కాలం చెల్లకముందే పారిపోయిన శిష్యులూ ఉన్నారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1718లో, 12 ఏళ్ల వయసులో, బోస్టన్‌లో అన్న జేమ్స్ ప్రెస్సులో 21 ఏళ్లు నిండేదాకా పనిచేస్తానని ఒప్పందం మీద చేరి, 1723లో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. నేర్చుకున్న వృత్తి మాత్రం అతని వెంటే వెళ్లి ఫిలడెల్ఫియాలో అన్నం పెట్టింది. శిక్షణకు ఖర్చుపెట్టే యజమాని భయం అప్పుడూ ఇప్పుడూ ఇదే.

భారతదేశంలో తొలి అచ్చుయంత్రం 1556లో గోవాకు చేరింది. పనివాళ్లను ఇక్కడే తయారుచేసుకోవడమనే పద్ధతి గట్టిగా కనబడేది మాత్రం బెంగాల్‌లో. హాల్హెడ్ రాసిన బెంగాలీ వ్యాకరణం 1778లో హుగ్లీలో అచ్చయినప్పుడు చార్లెస్ విల్కిన్స్ అక్షరాలు చెక్కాడు. ఆ పనిలో అతని దగ్గర చేరిన కమ్మరి పంచానన్ కర్మకార్ అక్షరాల అచ్చు కొట్టే ఉక్కు పంచ్ చెక్కడం నేర్చుకున్నాడు. తర్వాత శ్రీరాంపూర్‌లో విలియం కేరీ మిషన్ ప్రెస్సుకు వచ్చి, తన విద్యను అల్లుడు మనోహర్‌కు అప్పగించాడు. మనోహర్ దశాబ్దాల పాటు ఎన్నో భాషల లిపులకు అక్షరాలు చెక్కాడు. ప్రెస్సు నడిపిన విలియం వార్డ్ స్వయంగా ఇంగ్లండ్‌లోని డెర్బీలో అచ్చుపనిలో శిష్యరికం చేసి వచ్చినవాడు. ఒకరు యంత్రం తెలిసినవారు, మరొకరు లోహం తెలిసినవారు, మూడోవారు భాష తెలిసినవారు: శ్రీరాంపూర్ బలం అదే.

1812 మార్చిలో ఆ ప్రెస్సు కాలిపోయింది. కాగితం, వ్రాతప్రతులు, తెలుగుతో సహా అనేక లిపుల టైపులు బూడిదయ్యాయి. ఉక్కు పంచ్‌లు మిగిలాయి, కరిగిన లోహం మిగిలింది, పోతపోసే మనుషులు మిగిలారు. కొద్ది వారాల్లోనే మళ్లీ అక్షరాలు పోయడం మొదలైంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే వెలువడ్డాయి. నేర్చినవాళ్లు ఆ ఊళ్లోనే ఉండకపోతే ఇదంతా లండన్ నుంచి టైపు వచ్చేదాకా ఆగిపోయేది.

తెలుగు అచ్చుపని తర్వాత చెన్నపట్నంలో వేళ్లూనుకుంది. క్యాంబెల్ వ్యాకరణం 1816లో అక్కడి కాలేజీ ప్రెస్సులో, సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అదే ఊళ్లో అచ్చయ్యాయి. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు పెట్టిన ముద్రాక్షరశాల సంస్కృతాంధ్ర గ్రంథాలకు పెట్టింది పేరయింది. ఇటువంటి ప్రెస్సుల్లో పండితుడు ప్రూఫు దిద్దేవాడు. ఆ దిద్దుబాట్లు చూసి చూసి కంపోజిటర్ భాష నేర్చుకునేవాడు.

తెలుగు కంపోజిటర్

చేతి కంపోజింగ్ కాలంలో ప్రెస్సులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి పని కంపోజింగ్ కాదు, డిస్ట్రిబ్యూషన్. అచ్చయిపోయిన ఫారం విప్పి, కడిగి, ఏ టైపును ఏ గడిలోంచి తీశారో ఆ గడిలోనే వేయాలి. ఇంగ్లీషుకు రెండు కేసులు, అంటే గళ్ల పెట్టెలు, సరిపోతాయి. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాల రూపాలు, ఒత్తులు, వలపలగిలక, అరసున్న, అంకెలు కలిసి వందల గళ్లవుతాయి. ఎక్కువగా వాడే అక్షరాలు చేతికి దగ్గరగా, అరుదైనవి అంచుల్లో ఉంటాయి. కొన్ని నెలలు టైపు తిరిగి గళ్లలో వేసేసరికి కళ్లు మూసుకున్నా చెయ్యి గడి మీదికి వెళ్లేది. అప్పుడు అక్షరాలు వరసగా పేర్చే స్టిక్కు చేతికిచ్చేవారు.

స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా, అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. వరస మాత్రం ఎడమ నుంచి కుడికే సాగుతుంది. ఆ రూపంలో ప, వ, ష, ఫ ఒకదాన్నొకటి మోసం చేస్తాయి. థ, ధ తేడా ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క. డిస్ట్రిబ్యూషన్‌లో ఒక్క టైపు పక్కగడిలో పడితే, ఆ తప్పు వారం తర్వాత వేరొకరి గ్యాలీలో బయటపడేది. తప్పెవరిదన్న తగవు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లేది. అలాంటి తగవుల్లోనే కుర్రాళ్లు జాగ్రత్త నేర్చుకున్నారని చెప్పాలి.

తర్వాతి మెట్టు పంక్తి నింపడం. తెలుగు సమాసాలు పొడవు. పంక్తి చివర మాట ఎక్కడ విరవాలో, ఒత్తును అక్షరం నుంచి ఎందుకు విడదీయకూడదో, ఖాళీలు నింపే క్వాడ్లు ఎక్కడ సర్దితే పేజీలో తెల్లటి చారలు కనబడవో, ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ పైన ఇంపోజిషన్. పదహారు పేజీల ఫారంలో ఏ పేజీ ఎక్కడ, ఎటు తలతో ఉండాలో తెలియాలి. మడతపెట్టాక వరస తప్పితే బైండర్ ముందు తలదించుకోవాల్సిందే. ఈ మెట్లన్నీ ఎక్కడానికి అయిదారేళ్లు పట్టేది. వృత్తి విద్యగా లెక్కకు రాకపోయినా, అది భాషావిద్య కూడా. బడికి సరిగా వెళ్లని పిల్లలు పెద్దయ్యాక రచయితల తప్పులు పట్టుకునేవారు.

ఈ పనిని తేలికగా తీసుకున్నవారికి గాంధీజీ అనుభవం ఒక జవాబు. 1904లో దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమంలో అందరూ టైపు కూర్చడం నేర్చుకోవాలని ఆయన నియమం పెట్టాడు. తన కొడుకు వరసైన మగన్‌లాల్ అందరినీ మించిపోయాడనీ, తాను మాత్రం చివరిదాకా వెనకే ఉండిపోయాననీ ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

పాఠశాలలు

లండన్‌లో సెయింట్ బ్రైడ్ ఫౌండేషన్ 1894లో తెరిచిన సంస్థలో అచ్చుపనివాళ్లకు సాంకేతిక తరగతులు నడిచాయి. పగలు ప్రెస్సులో పని, సాయంత్రం బడి. అమెరికాలో ఇథాకా నుంచి 1937లో రోచెస్టర్‌కు తరలిన ముద్రణ పాఠశాల తర్వాత రోచెస్టర్ సాంకేతిక సంస్థలో ప్రపంచప్రసిద్ధ విభాగమైంది.

స్వతంత్ర భారతంలో అలహాబాద్, కలకత్తా, బొంబాయి, మద్రాసు కేంద్రాలుగా నాలుగు ప్రాంతీయ ముద్రణ పాఠశాలలు వెలిశాయి. ఆంధ్ర ప్రాంతం నుంచి ఈ చదువుకు వెళ్లేవారికి దగ్గరిది మద్రాసు. ఇంజనీరింగ్ స్థాయిలో చెన్నై గిండీలోని కళాశాల, మణిపాల్, కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం, పుణె, హిసార్ ముద్రణ ఇంజనీర్లను తయారుచేశాయి. తెలుగు రాష్ట్రాల్లో డిప్లొమా చదువుకు చిరకాలంగా చిరునామా సికింద్రాబాద్ ఈస్ట్ మారేడ్‌పల్లిలోని ప్రభుత్వ ముద్రణ సాంకేతిక విద్యాసంస్థ. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరతారు. ఐటీఐల్లో ఆఫ్‌సెట్ మెషిన్, ప్లేటు తయారీ, డీటీపీ (కంప్యూటర్ మీద పేజీల కూర్పు), బైండింగ్ వంటి ట్రేడులున్నాయి.

ఈ చదువులకు ఒక నిలకడైన గిరాకీ ప్రభుత్వ ముద్రణాలయాల నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం, మింట్ కాంపౌండ్‌లో పాఠ్యపుస్తకాల ముద్రణాలయం, దక్షిణాది రాష్ట్రాల తపాలా స్టేషనరీ అవసరాల కోసం 1982లో ఏర్పాటైన సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ ఈ కోవలోవి. సెక్యూరిటీ ప్రెస్సులను నడిపే కేంద్ర సంస్థ జూనియర్ టెక్నీషియన్ పోస్టులకు ముద్రణ ట్రేడుల్లో ఐటీఐ గానీ ముద్రణ డిప్లొమా గానీ అడుగుతుంది. ఆ ప్రకటనల్లో పాత టైపు అచ్చుకు చెందిన లెటర్‌ప్రెస్ మెషిన్ మైండర్ ట్రేడు కూడా ఒక అర్హతగా కనబడుతుంటుంది. బజారులో లెటర్‌ప్రెస్ దాదాపు అంతరించినా, పట్టికల్లో అది బతికే ఉంది. పాఠ్యప్రణాళిక యంత్రం వెనక నడుస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డిప్లొమా తీసుకున్నవారు చాలామంది మెషిన్ పక్కన నిలబడరు. ప్లానింగ్, నాణ్యత తనిఖీ, యంత్రాల అమ్మకం, ప్యాకేజింగ్ కంపెనీల్లో సూపర్‌వైజర్ పని, వీటిలోకి వెళ్తారు. మెషిన్ నడిపేది ఇప్పటికీ హెల్పర్‌గా చేరి పైకి వచ్చినవాడే. బడి నుంచి వచ్చినవారికి సూత్రం తెలుసు, ప్రెస్సు నుంచి ఎదిగినవారికి యంత్రం తెలుసు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు చిన్న ప్రెస్సుల్లో లేదు.

ఆఫ్‌సెట్ మెషిన్ దగ్గర

పాత ట్రెడిల్ మెషిన్ మీద కుర్రాడు కాగితం పెట్టి తీయడం రెండు రోజుల్లో నేర్చుకునేవాడు, వేళ్లు కాపాడుకోవడం అంతకంటే ఆలస్యంగా. ఆఫ్‌సెట్ వచ్చాక మెట్లు మారాయి. హెల్పర్ కాగితం దొంతర సర్దుతాడు, రోలర్లు, బ్లాంకెట్లు కడుగుతాడు. కొంతకాలానికి ఫీడర్ సర్దుబాటు చేస్తాడు. తర్వాత అసిస్టెంట్‌గా సిరా వేయడం, ప్లేటు ఎక్కించడం. మెషిన్‌మన్ అనిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఎందుకు పడుతుందో ఒక నాలుగు రంగుల పని మొదలయ్యేటప్పుడు చూస్తే తెలుస్తుంది.

ఆఫ్‌సెట్ అంతా నీరు, నూనె కలవవన్న సూత్రం మీద నడుస్తుంది. ప్లేటులో బొమ్మ ఉన్న భాగం సిరాను, లేని భాగం నీటిని పట్టుకోవాలి. నీరు తగ్గితే ఖాళీగా ఉండాల్సిన చోట మరకలు తేలతాయి. నీరు ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది, కాగితం సాగుతుంది. ఆ నీళ్లలో కలిపే ద్రావణం సాధారణంగా 4.8 నుంచి 5.5 పీహెచ్ మధ్య ఉండాలి. బోరు నీళ్లు తిన్నగా పోసే ప్రెస్సులో ఆ లెక్క ఊరిని బట్టి మారిపోతుంది. పీహెచ్ కొలిచే పట్టీ ఖరీదు స్వల్పం, దాన్ని వాడే అలవాటే అరుదు.

సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ నాలుగు ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కోస్తా వానాకాలంలో కాగితం అంచులు తేమ పీల్చి అలలు తేలతాయి. మొదటి రంగుకు సరిపోయిన షీటు నాలుగో రంగుకు అర మిల్లీమీటరు జరుగుతుంది. అనుభవమున్న మెషిన్‌మన్ కాగితం కట్ట విప్పిన రోజే వాడడు, మెషిన్ గదిలో కొంతకాలం ఆరనిస్తాడు. కాగితపు పోగు ఎటు నడిచిందో షీటు వంచి చూస్తాడు. పుస్తకానికి పోగు వెన్నుకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే అట్ట తెరుచుకోదు, పేజీలు ముడతపడతాయి.

ఇక రంగు. ఆఫ్‌సెట్ రంగులకు ఐఎస్ఓ 12647-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. డెన్సిటోమీటర్‌తో సిరా మందం కొలిచి, 5000 కెల్విన్ దీపాల కింద షీటు చూడాలన్నది పద్ధతి. మన చిన్న ప్రెస్సుల్లో ట్యూబులైటు కింద అచ్చయిన షీటును గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో తిప్పి చూడటం ఇప్పటికీ రివాజు. ఉదయం పదింటికి ఓకే అయిన నీలం రంగు సాయంత్రం అయిదింటికి వేరుగా కనబడుతుంది. కస్టమర్ వచ్చి గోల చేస్తాడు. ఈ రంగంలో చేరేవారికి వర్ణాంధత్వ పరీక్ష కూడా చేయని చోట్లున్నాయి.

సెకండ్ హ్యాండ్ యంత్రాలు ఈ చిక్కును పెంచాయి. జర్మనీ, జపాన్ యంత్రాలు అక్కడ దశాబ్దం పైగా నడిచాక ఇక్కడికి దిగుతాయి. కొత్త యంత్రంతో కంపెనీ ఇంజనీరు వచ్చి పది రోజులైనా నేర్పిపోతాడు. పాత యంత్రంతో మెకానిక్ వచ్చి బిగించి వెళ్తాడు, అంతే. అందులో ఉన్న సగం సౌకర్యాలు ఎలా పనిచేస్తాయో ఎవరికీ తెలియకుండానే యంత్రం మూలనపడుతుంది.

డీటీపీ

1980ల చివర, 90ల్లో డీటీపీ వచ్చి కంపోజిటర్‌ను తుడిచిపెట్టింది. అయిదారేళ్ల చదువు ఆర్నెల్ల కోర్సుకు కుదించుకుపోయింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు వస్తే ఉద్యోగం దొరికేది. వేగం పెరిగింది, సందేహం లేదు. అయితే కంపోజిటర్ తలలో ఉన్న భాషాజ్ఞానం, పేజీ కన్ను కొత్త కుర్చీలోకి రాలేదు. వాటిని నేర్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. కంప్యూటర్ సెంటర్ల కోర్సుల్లో సాఫ్ట్‌వేర్ మెనూలు ఉన్నాయి గానీ పంక్తి విరుపు, మార్జిన్, డెమ్మీ, క్రౌన్ కొలతలు, ప్రూఫు గుర్తులు లేవు.

ఆ లోటు ఇప్పుడు ఎక్కడ కనబడుతోందంటే, యూనికోడ్ దగ్గర. తెలుగు లిపి 1991 నుంచే యూనికోడ్‌లో ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన వంటి ఫాంట్లు వచ్చి కూడా చాలాకాలమైంది. రచయితలు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో యూనికోడ్‌లోనే రాస్తున్నారు. ప్రెస్సులు మాత్రం చాలావరకు పాత ఫాంట్లలోనే ఉన్నాయి. మధ్యలో కన్వర్టర్ ఉంటుంది. 'సాఫ్ట్‌వేర్'లో ట్ తర్వాత అక్షరాలను విడదీసే, కనబడని ఒక సంకేతం ఉంటుంది. కన్వర్టర్ దాన్ని మింగేస్తే వకారం టకారానికి ఒత్తుగా దిగిపోతుంది. ఇలాంటివి ఒక నవలలో వందలుంటాయి. తెలిసిన ఆపరేటర్ మార్చిన వెంటనే ఈ మాటల కోసం వెతుకుతాడు. తెలియనివాడు ప్రూఫురీడర్ మీద వదిలేస్తాడు. ప్రూఫురీడరే లేని ప్రెస్సులు ఇప్పుడు ఎక్కువ.

ఇండిజైన్‌లో నేరుగా యూనికోడ్ వాడేవారికి మరో గండం. అడోబ్ సీఎస్6 నుంచి భారతీయ లిపులకు వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఎంపిక ఇచ్చింది. దాన్ని ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఈ ఒక్క నొక్కు తెలియక తెలుగు యూనికోడ్ అచ్చుకు పనికిరాదని తీర్మానించిన ఆపరేటర్లున్నారు. అలాగే వర్డ్ ఫైలును తిన్నగా పీడీఎఫ్ చేసి పంపితే నల్ల అక్షరాలు నాలుగు రంగుల నలుపుగా మారిపోవచ్చు. మెషిన్ మీద రంగులు వెంట్రుకవాసి జరిగినా సన్నటి ఒత్తుల చుట్టూ ఎర్రటి, నీలపు నీడలు వస్తాయి. అక్షరాలు ఒక్క బ్లాక్ ప్లేటులోనే ఉండాలన్నది ప్లేటు తయారుచేసే గదిలో మొదటి రోజు చెప్పాల్సిన పాఠం. చాలామందికి అది మొదటి నష్టం తర్వాత తెలుస్తుంది.

ఖర్చు ఎవరిది

అఖిల భారత ముద్రాపకుల సమాఖ్య 1953లో ఏర్పడింది. దేశంలో రెండున్నర లక్షల ముద్రణాలయాలున్నాయని ఆ వర్గాలు చెప్పే అంచనా. వాటిలో అత్యధికం పదిమంది లోపు పనివాళ్లతో నడిచేవే. ఇక్కడే శిక్షణ ఆగిపోతోంది. ఏ ప్రెస్సులోనైనా పనికొచ్చే నైపుణ్యాన్ని నేర్పితే, నేర్చుకున్నవాడు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే చోటికి వెళ్తాడు. అందుకే ఖర్చుపెట్టడానికి యజమాని వెనకాడతాడు. గ్యారీ బెకర్ 1964లో తన మానవ మూలధన గ్రంథంలో ఈ ఆర్థిక తర్కాన్ని వివరించాడు. విజయవాడ ప్రెస్సు యజమానికి ఆ పుస్తకం చదవకుండానే అది తెలుసు.

ఇండియాలో దీనికి చట్టపరమైన జవాబు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవారికి అది ఐచ్ఛికం. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతును, నెలకు 1,500 రూపాయల హద్దుతో, కేంద్రం భరించింది. పెద్ద పత్రికల ప్రెస్సులు, ప్యాకేజింగ్ కంపెనీలకు ఇది పనికొస్తుంది. మిగతా పరిశ్రమంతా ఐచ్ఛికం గీత కిందే ఉండిపోయింది. పైగా ఇక్కడి పని సీజన్ల మీద నడుస్తుంది. బడులు తెరిచే ముందు పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు, కొత్త సంవత్సరానికి ముందు క్యాలెండర్లు, డైరీలు, ముహూర్తాలప్పుడు శుభలేఖలు, ఎన్నికలప్పుడు కరపత్రాలు. సీజన్లో నేర్పడానికి తీరిక ఉండదు, సీజన్ లేనప్పుడు జీతమివ్వడానికి డబ్బుండదు.

జర్మనీ ఈ ముడిని ద్వంద్వ పద్ధతితో విప్పింది. అక్కడ అప్రెంటిస్ వారంలో ఎక్కువ రోజులు ప్రెస్సులో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. ముద్రణ టెక్నాలజిస్టు శిక్షణ మూడేళ్లు. పరీక్ష పెట్టేది యజమాని కాదు, వాణిజ్య మండలి. కాబట్టి ఒక ప్రెస్సులో నేర్చినదానికి దేశమంతా విలువ ఉంటుంది. నేర్చుకునేటప్పుడు తక్కువ జీతానికి పనిచేయడానికి అప్రెంటిస్ ఒప్పుకునేది అందుకే. శిక్షణ పూర్తయ్యాక సాటివారు అతన్ని పట్టుకుని నీళ్ల తొట్టెలో ముంచి, యోగ్యతాపత్రం చేతికిచ్చే పాత వేడుక ఇప్పటికీ నడుస్తోంది. దాని పేరు గౌట్‌షెన్. బ్రిటన్ 1964 పారిశ్రామిక శిక్షణ చట్టంతో మరో దారి తొక్కింది. ప్రతి సంస్థ నుంచీ పన్ను వసూలుచేసి, శిక్షణ ఇచ్చినవారికి తిరిగివ్వడం అందులో సూత్రం. శిక్షణ ఇవ్వకుండా పక్కవాడి మనిషిని లాక్కునేవాడు కూడా డబ్బు కట్టాల్సిందే కాబట్టి ఇది న్యాయంగానే ఉంది. మన చిన్న ప్రెస్సుల నుంచి అలాంటి పన్ను ఎవరు వసూలు చేయగలరన్నది వేరే సంగతి.

చట్టం లేకుండా, బడి లేకుండా నిపుణులు పుట్టుకొచ్చిన చోటు కూడా ఒకటుంది. తమిళనాడులోని శివకాశి. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అగ్గిపెట్టెల తయారీ నేర్చుకోవడానికి కలకత్తా వెళ్లి వచ్చారు. అగ్గిపెట్టెలకు లేబుళ్లు కావాలి, బాణాసంచాకు రంగురంగుల చుట్టుకాగితాలు కావాలి. అలా అచ్చుపని మొదలై, దేశానికి క్యాలెండర్లు, డైరీలు, నోటుబుక్కులు సరఫరాచేసే ఊరైంది. తెలుగు ఇళ్ల గోడల మీది క్యాలెండర్లు, శుభలేఖల మూల నమూనాలు ఎన్నో అక్కడివే. శివకాశి రహస్యం సాంద్రత. వీధి వీధికీ ప్రెస్సు ఉన్నప్పుడు మనిషి ఒక యజమానిని వదిలినా ఊరిని వదలడు. నైపుణ్యం ఊరి సొత్తుగా మిగులుతుంది. విజయవాడలో పుస్తకాలు, నోటుబుక్కుల ముద్రణ చుట్టూ కొంతవరకు ఇలాంటి వాతావరణమే ఉండేది.

ప్యాకేజింగ్ వైపు

పత్రికలు, పుస్తకాల ముద్రణ తగ్గుతున్నా, డబ్బాలు, రేపర్లు, లేబుళ్ల ముద్రణ పెరుగుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమ ఇందుకు పెద్ద కారణం. మందు డబ్బా అచ్చు, శుభలేఖ అచ్చు ఒకే యంత్రం మీద జరగొచ్చు గానీ, క్రమశిక్షణ వేరు. ఒక మందు లోపలి కరపత్రం ఇంకో మందు డబ్బాలోకి వెళ్తే సరుకంతా బజారు నుంచి వెనక్కి రప్పించాలి. అందుకే ప్రతి పని ముగిశాక యంత్రం చుట్టూ మిగిలిన ఒక్క షీటు కూడా ఉండకుండా ఖాళీచేసి, సంతకం పెట్టి, తర్వాతి పని ఎక్కించాలి. పాత ప్రెస్సు నుంచి వచ్చిన మెషిన్‌మన్‌కు మొదట కష్టమనిపించేది రంగు కాదు, ఈ రాతకోతలు.

ఐరోపాకు వెళ్లే మందు డబ్బాల మీద మందు పేరు బ్రెయిలీలో ఉండాలని యూరోపియన్ యూనియన్ 2004లో సవరించిన నిబంధన చెబుతోంది. ఆ చుక్కల ఎత్తు సుమారు 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. డై ఎక్కువ నొక్కితే అట్ట పైపూత పగులుతుంది, తక్కువ నొక్కితే వేలికి అందదు. ఇండియాలో 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ ఔషధ బ్రాండ్లకు బార్‌కోడు గానీ క్యూఆర్ కోడు గానీ తప్పనిసరైంది. కెమెరా తనిఖీ, బ్రెయిలీ డై, ఫ్లెక్సో, గ్రావ్యూర్ తెలిసినవారికి ఇప్పుడు పిలిచి ఉద్యోగం ఇస్తున్నారు. ముద్రణ డిప్లొమా చదివినవారికి అసలైన గిరాకీ ఇదే.

పని పోయినవారు

సాంకేతికత మారిన ప్రతిసారీ పాతవారికి తిరిగి నేర్పడమా, పంపేయడమా అన్న ప్రశ్న లేస్తుంది. న్యూయార్క్‌లో పత్రికల యాజమాన్యాలు 1974లో కంపోజిటర్ల సంఘంతో ఒప్పందం చేసుకున్నాయి. కొత్త యంత్రాలను తెచ్చుకోనిస్తే ఉన్నవారికి జీవితాంతం ఉద్యోగం. న్యూయార్క్ టైమ్స్ 1978 జూలైలో వేడి లోహంతో అక్షరాలు పోసే పద్ధతికి స్వస్తి చెప్పింది. ఆ చివరి రాత్రిని అక్కడి ప్రూఫురీడరు ఒకరు డాక్యుమెంటరీ తీశాడు. లైనోటైపు మీద కూర్చున్న చేతులే కంప్యూటర్ కీబోర్డు మీదికి మారడం అందులో ఉంది. లండన్ వాపింగ్‌లో 1986లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. సమ్మెకు దిగిన సుమారు 5,500 మందిని పంపేసి, కొత్త చోట కొత్తవారితో పత్రికలు తీసుకొచ్చారు.

తెలుగునాట ఒప్పందమూ లేదు, పెద్ద సమ్మే లేదు. ప్రెస్సు ప్రెస్సుకూ కేసులు తూకానికి వెళ్లాయి. కొందరు కంపోజిటర్లు ప్రూఫురీడర్లయ్యారు, కొందరు బైండింగ్‌కు దిగారు, కొందరు ఊరికి వెళ్లారు. వాళ్ల చేతిలో ఉన్న విద్యను రాసిపెట్టినవారు లేరు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే చిత్రకారులకు ఇదే గతి పట్టించాయి.

స్త్రీలు

ఎమిలీ ఫెయిత్‌ఫుల్ 1860లో లండన్‌లో విక్టోరియా ప్రెస్ పెట్టి స్త్రీలకు కంపోజింగ్ నేర్పింది. మగ కంపోజిటర్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మన ప్రెస్సుల్లో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నది మడత, గేదరింగ్, కుట్టు దగ్గర, అదీ చాలాచోట్ల వందకింత లెక్కన. డీటీపీ వారికి కొంత తలుపు తెరిచింది. మెషిన్ హాల్లో ఇప్పటికీ అరుదు. బైండింగ్‌లో ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన స్త్రీని నిపుణురాలిగా లెక్కించే ధ్రువపత్రమే లేకపోవడం వల్ల ఆమె కూలీ దగ్గరే ఆగిపోతోంది.

ఆరోగ్యం, భద్రత

కంపోజిటర్ కాలపు ముప్పు సీసం. టైపు లోహంలో అధికభాగం అదే, యాంటిమనీ, తగరం కొద్దిగా. ఇప్పటి ముప్పు ద్రావకాలు. జపాన్‌లోని ఒసాకాలో ఒక ఆఫ్‌సెట్ ప్రూఫింగ్ ప్రెస్సులో పనిచేసిన యువ కార్మికులకు పిత్తనాళ క్యాన్సర్ వచ్చిందని 2012లో బయటపడింది. గాలి ఆడని గదిలో బ్లాంకెట్లు తుడవడానికి వాడిన 1,2-డైక్లోరోప్రొపేన్ కారణమని తేలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మన దగ్గర రోలర్లు కడిగేది హెల్పర్, చేరిన మొదటి రోజు నుంచే, ఒట్టి చేతులతో, కిరోసిన్‌తోనో డబ్బా మీద ఇంగ్లీషులో తప్ప ఏమీ రాసిలేని ద్రవంతోనో.

కటింగ్ మెషిన్‌కు రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే కత్తి దిగే ఏర్పాటు ఉంటుంది. తొందరలో ఒక మీటను కట్టేసి ఒక చేత్తో పనిచేసే అలవాటు కూడా ఉంది, అది కూడా పక్కవాణ్ని చూసి నేర్చుకున్నదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే వర్తించేది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ హద్దును 20కి పెంచింది. ముగ్గురు నలుగురితో నడిచే మినీ ఆఫ్‌సెట్ ప్రెస్సులు రెండింటికీ బయటే ఉన్నాయి. తనిఖీ అధికారి రాని ఆ గదుల్లో ఏ ద్రావకం తాకకూడదో, ఏ మీట కట్టేయకూడదో కొత్తవాడికి చెప్పాల్సింది మెషిన్‌మన్ ఒక్కడే.